కెర్నెల్ చెవిన వేసేది ఎవరు?

ఇద్దరూ మా ఇంటివాళ్లే. వదిన అంటే మా ఆవిడ. హైదరాబాదులో ఒక కంపెనీ సర్వర్లు చూస్తుంది. మరిది అంటే నా తమ్ముడు. క్రోసూరులో మేడమీద గదిలో ఇన్వర్టర్ పెట్టుకుని అమెరికా కంపెనీకి పనిచేస్తాడు. వేరే ఇళ్లలో వదినా మరుదులకు మాటా మాటా రావాలంటే పొలం గట్టో వాటాల లెక్కో కావాలి. మా ఇంట్లో గ్రబ్ చాలు. మిర్చి కోతలప్పుడు ఊరికి పోతే, కళ్లంలో కూలీలు తాలుకాయ ఏరుతుండగా, పట్టా చివర నీడలో కూర్చుని వీళ్లిద్దరూ పొద్దుగూకే దాకా వాదించుకున్నారు. ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠం చెప్పి బతికేవాణ్ణి గనక నేను రాసిపెట్టుకున్నాను.

తగువేమిటంటే, ఏ కంప్యూటరైనా లేచేటప్పుడు కెర్నెల్‌కి ఒక వరస మాటలు అందుతాయి. రూట్ డిస్క్ ఎక్కడుంది, సందేశాలు ఏ తెర మీదికి పంపాలి, ఏ డ్రైవర్ జోలికి పోకూడదు, క్రాష్ అయితే ఎన్ని సెకన్లకు తిరిగి లేవాలి, ఇట్లాంటివి. వాటిని బూట్ పారామీటర్లంటారు. సొంత కంప్యూటర్‌లో అయితే ఆ మాటలు అందించేది మామూలుగా బూట్ లోడరే. లినక్స్‌లో చాలావరకు గ్రబ్. వర్చువల్ మెషీన్‌కి (వీఎం అన్నా, గెస్ట్ అన్నా అదే) అట్లా కాదు. దాని బయట ఇంకో కంప్యూటర్ ఉంది, హోస్ట్. గెస్ట్ లోపలి గ్రబ్‌నీ, బూట్ మెనూనీ దాటేసి హోస్టే నేరుగా కెర్నెల్‌నీ, అది లేచేటప్పుడు వాడుకునే ఇనిట్‌ఆర్‌డీ అనే తాత్కాలిక డిస్క్‌నీ మెమరీలో పెట్టి, ఆ మాటల వరసని చేతికిచ్చి నడవమనవచ్చు. అట్లా బయట నుంచే చెప్పాలంటాడు మా తమ్ముడు. లోపలే ఉండాలంటుంది మా ఆవిడ.

ఒక మనవి. పారామీటర్లు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నాయి. కీబోర్డు మీద ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, టీటీవైఎస్0లో ఎస్ మాత్రం పెద్దక్షరంగా కొట్టాలని చదివేవాళ్లకి చెప్పనక్కర్లేదనుకుంటాను.

మరిది: వదినా, నీ దగ్గర వంద వీఎంలు ఉన్నాయనుకో. క్రాష్ అయితే పది సెకన్లలో తిరిగి లేవమని అన్నిటికీ చెప్పాలి. ఎట్టా చేస్తావు?

వదిన: గ్రబ్ డిఫాల్ట్ ఫైల్లో పానిక్=10 అని చేరుస్తా. అప్‌డేట్-గ్రబ్ కొడతా. రెడ్‌హ్యాట్ రకం అయితే గ్రబ్బీ ఉంది. చేత్తో కాదులే, యాన్సిబుల్ చేసి పెడుతుంది.

మరిది: అంటే వంద చోట్ల రాయాలి. అందులో నాలుగు మెషీన్లలో రాత ఎక్కకపోతే అవి పాతదాంతోనే లేస్తాయి. నీకు తెలవను కూడా తెలవదు. నాకా బాధ లేదు. హోస్ట్ మీద లిబ్‌వర్ట్ ఫైల్లో మూడు లైన్లు. కెర్నెల్ ఇదీ, ఇనిట్‌ఆర్‌డీ ఇదీ, కమాండ్ లైన్ ఇదీ. అంతే. గ్రబ్ లేదు, మెనూ లేదు, అయిదు సెకన్లు ఎదురుచూడ్డం లేదు.

వదిన: వీఎంని నడిపే క్యూఎముకి కెర్నెల్ ఇవ్వకుండా, ఉత్త అపెండ్ ఒక్కటే ఇచ్చి చూశావా ఎప్పుడైనా?

మరిది: ఒప్పుకోదుగా. కెర్నెల్ ఇస్తేనే అపెండ్ చెల్లుతుందని మొహం మీదే చెప్పి ఆగిపోద్ది.

వదిన: మరి! గెస్ట్ డిస్క్‌లో ఉన్న గ్రబ్ మెనూకి నువ్వు బయట నుంచి ఒక్క అక్షరం కలపలేవు. మాట చెప్పాలంటే కెర్నెల్ కూడా నువ్వే మోసుకురావాలి. చిక్కంతా అక్కడే మొదలవుద్ది. నేను ముందు పనిచేసిన చోట ఒకాయన నీలాగే హోస్ట్ మీద కెర్నెల్ పెట్టాడు. గెస్టుల్లో ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆన్‌లోనే ఉన్నాయి. కొత్త కెర్నెల్ వచ్చి బూట్ ఫోల్డర్లో కూర్చుంటుంది, రిపోర్టులో అన్నీ పచ్చగా ఉంటాయి, ఆడిటర్లు సంతకం పెట్టి పోతారు. లేచేది మాత్రం హోస్ట్ చేతిలో ఉన్న పాత కెర్నెలే. యునేమ్ కొట్టి చూసిన పాపాన ఎవడూ పోలేదు.

మరిది: చూసినాక?

వదిన: చూసినాక ఇంకా పెద్ద తప్పు చేశాడు. ఆ రాత్రే హోస్ట్ మీద కెర్నెల్ ఫైల్ మార్చి అన్నీ రీబూట్ కొట్టాడు. డిస్క్ డ్రైవర్ ఇనిట్‌ఆర్‌డీలో ఉంది గనక రూట్ మౌంట్ అయింది. నెట్‌వర్క్ డ్రైవర్ ఉంది చూశావూ, వర్టియో-నెట్, అది మాడ్యూల్. దాన్ని గెస్ట్ డిస్క్ మీద మాడ్యూల్స్ ఫోల్డర్లో, ఆ కెర్నెల్ వెర్షన్ పేరుతోనే వెతుక్కోవాలి. గెస్టుల్లో ఆ పేరుతో ఫోల్డరే లేదు. మెషీన్లన్నీ బతికే ఉన్నాయి, ఒక్కదానికీ ఐపీ అడ్రస్ లేదు. ఎస్ఎస్‌హెచ్ చేసేదానికి దారేది?

మరిది: ఆయన పద్ధతి తెలవక చేశాడు. హోస్ట్ నుంచి కెర్నెల్ ఇచ్చేవాడు మాడ్యూల్స్ మీద ఆధారపడకూడదు. కావాల్సిన డ్రైవర్లన్నీ కెర్నెల్లోనే కలిపి కట్టుకోవాలి. వీఎంలు నడిపే ఫైర్‌క్రాకర్ చూడు. 2018 నవంబర్లో అమెజాన్ వదిలింది. అందులో బయాస్ లేదు, గ్రబ్ లేదు. అమెజాన్ లాంబ్డాలో నీ ఫంక్షన్ నడిచేది దాని మీదే. కెర్నెల్ నేరుగా మెమరీలోకి వచ్చి పడుద్ది, 125 మిల్లీసెకన్ల లోపు యూజర్ ప్రోగ్రామ్ దాకా వస్తది. నీ గ్రబ్ ఆ టైములో మెనూ గీత కూడా గీయలేదు.

వదిన: దానికి నువ్విచ్చే మాటలేంది?

మరిది: వాళ్ల పత్రాల్లో మొదట్లో ఉదాహరణకిచ్చినవి నాలుగే. కన్సోల్=టీటీవైఎస్0, రీబూట్=కె, పానిక్=1, పీసీఐ=ఆఫ్. మొదటిది సందేశాలన్నీ సీరియల్ పోర్టుకి పంపమని, దానికి వేరే తెర లేదు గనక. రీబూట్=కె అంటే పాతకాలపు కీబోర్డ్ కంట్రోలర్ దారిన రీసెట్ కొట్టమని. ఫైర్‌క్రాకర్ ఆ కీబోర్డ్ కంట్రోలర్‌ని పేరుకి ఒకదాన్ని పెట్టింది. దాని దగ్గరికి రీసెట్ వచ్చిందంటే వీఎం పని అయిపోయిందని మొత్తం మూసేస్తది. క్రాష్ అయితే ఒక్క సెకన్ ఆగి అదే దారి పట్టమని పానిక్=1. పీసీఐ=ఆఫ్ అంటే లేని బస్సు కోసం వెతుకుతూ టైము తినొద్దని. నాలుగు మాటల్లో మెషీన్ పుట్టుక, చావు రెండూ ఉన్నాయి. ఇవి గెస్ట్ లోపల రాయమంటావా? రాయడానికి అక్కడ గ్రబ్ ఏదీ?

ఇక్కడ మా ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తమ్ముడి వాదంలో ఇంతకంటే గట్టి చోటు లేదనే నా లెక్క కూడా. హోస్ట్ నుంచి చెప్పడం అంటే ఏదో అడ్డదారి అనుకునేవాళ్లకి ఫైర్‌క్రాకర్ మంచి జవాబు. అయితే ఆమె ఊరుకునే మనిషి కాదు.

వదిన: లాంబ్డా ఫంక్షన్‌కి ఆయుష్షు ఎంత? పదిహేను నిమిషాలు దాటనివ్వరు. నా డేటాబేస్ మెషీన్ ఏళ్ల తరబడి ఉండాలి. నువ్వు పురిటిగదిలో పద్ధతి తెచ్చి ఇల్లంతా నడపమంటున్నావు. సరే, అమెజాన్ పేరెత్తావు గనక చెప్తా. వాళ్లు వీఎంలు అద్దెకిచ్చే ఈసీ2 మొదలైంది 2006 ఆగస్టులో. అప్పుడు జెన్ అనే వీఎం సాఫ్ట్‌వేర్ మీద నడిచేది. జెన్ పారావర్చువల్ గెస్ట్ అంటే నువ్వు చెప్పే పద్ధతే. హోస్ట్ మీద కాన్ఫిగ్ ఫైల్లో కెర్నెల్, రామ్‌డిస్క్, ఎక్స్‌ట్రా అని రాసేవాళ్లు. ఆ ఎక్స్‌ట్రాలోవే పారామీటర్లు. ఈసీ2లో కెర్నెల్‌కి ఏకేఐ అని ఒక నంబరు. అమెజాన్ ఏ నంబర్లు పెడితే వాటిలోంచి ఏరుకోవాలి. నీ సొంత కెర్నెల్ ఎక్కించే దారి లేదు. జనం నాలుగేళ్లు అట్టాగే లాక్కొచ్చారు. 2010 జూలైలో పీవీ-గ్రబ్ ఇచ్చారు. అదేం చేసిందో చెప్పు.

మరిది: గెస్ట్ డిస్క్‌లో ఉన్న మెనూ ఫైల్ చదివి, అక్కడి కెర్నెల్‌నే లేపింది.

వదిన: లేపిందా? అంటే అమెజానే నీ పద్ధతి వదిలి నా పద్ధతికి వచ్చింది.

మరిది: ఎనిమిదేళ్లకి ఫైర్‌క్రాకర్‌తో మళ్లీ నా పద్ధతికే వచ్చిందిగా వదినా!

కూలీల్లో ఒకామె ఏమనుకుందో ఏమో తలెత్తి చూసి నవ్వింది. వీళ్లు మిర్చి ధర గురించే కొట్టుకుంటున్నారని ఆమె ఉద్దేశం అయ్యుండాలి.

ఆ చరిత్రలో ఒక ముక్క ఇద్దరూ దాటేశారు. పీవీ-గ్రబ్‌కి ముందు పైగ్రబ్ అని ఒకటుంది. హోస్ట్ మీద నడుస్తూ, గెస్ట్ డిస్క్‌ని తెరిచి, లోపలి మెనూ చదివి, అక్కడి కెర్నెల్‌ని, పారామీటర్లని బయటికి తీసుకునేది. మాటలు గెస్ట్‌వి, చదివేది హోస్ట్. మధ్యేమార్గంలా కనిపిస్తుంది కానీ అది ప్రమాదం. గెస్ట్ యజమాని తన డిస్క్‌లో ఏమైనా రాసుకోవచ్చు. దాన్ని హోస్ట్ పూర్తి అధికారాలతో కూర్చుని చదవడమంటే ఎవడో ఇచ్చిన పొట్లం ఇంట్లోకి తెచ్చి విప్పడమే. పీవీ-గ్రబ్ అదే పనిని గెస్ట్ గడప లోపలే చేసింది. రెండు వైపులా నమ్మకం లేనప్పుడు మధ్యేమార్గాలు ఇట్లాగే రెండు వైపులా కాలుస్తాయి.

మరిది: పోనీ ఇన్‌స్టాలేషన్ సంగతి చెప్పు. కొత్త వీఎంలో లినక్స్ ఎక్కించేటప్పుడు గెస్ట్ డిస్క్ ఖాళీ. గ్రబ్ ఇంకా పుట్టనేలేదు. వర్ట్-ఇన్‌స్టాల్‌కి లొకేషన్ ఇచ్చి, ఎక్స్‌ట్రా-ఆర్గ్స్‌లో కిక్‌స్టార్ట్ ఫైల్ ఎక్కడుందో చెప్పి వదిలేస్తే, నేను అన్నం తినొచ్చేసరికి మెషీన్ సిద్ధం. అదే సీడీరామ్ ఇమేజ్ ఇచ్చావనుకో, ఎక్స్‌ట్రా-ఆర్గ్స్ చెల్లవు. మెనూ దగ్గర కూర్చుని చేత్తో కొట్టుకోవాలి.

వదిన: ఒప్పుకున్నా. కానీ మొదటి బూట్ అయ్యాక వర్ట్-ఇన్‌స్టాల్ ఏం చేస్తుందో కూడా చెప్పు. ఆ కెర్నెల్, ఆ మాటలు రెండూ తీసేసి, తర్వాత గెస్ట్ డిస్క్ నుంచే లేవమంటుంది. బయటి మాట ఆ ఒక్క రోజుకే. దాన్ని రాసినవాళ్లకు నా బుద్ధే ఉంది.

ఇక అసలు గొడవ కన్సోల్ దగ్గర వచ్చింది. నేను పాఠం చెప్పేటప్పుడు కూడా ఎక్కువసేపు నిలబడేది ఇక్కడే. వీఎం బూట్ అవుతున్నప్పుడు తెర నల్లగా నిలిచిపోతుంది. కర్సర్ ఒకటి మిణుకుమంటుంది. కుర్రాళ్లు హ్యాంగ్ అయిందని పవర్ ఆఫ్ కొడతారు. నూటికి తొంభై సార్లు అది హ్యాంగ్ కాదు. కన్సోల్ అన్న పారామీటర్ రెండు సార్లు ఇవ్వవచ్చు. ఒకసారి టీటీవై0, ఒకసారి టీటీవైఎస్0. కెర్నెల్ సందేశాలు రెండు చోట్లకీ వెళ్తాయి. కానీ కెర్నెల్ పని అయిపోయి, అది మొదట లేపే ప్రోగ్రామ్ ఇనిట్ మాట్లాడటం మొదలుపెట్టాక దాని మాటలు చివర రాసిన కన్సోల్‌కి మాత్రమే పోతాయి. చివర టీటీవైఎస్0 రాసి, సీరియల్ వైపు ఎవరూ చూడకపోతే, మెషీన్ అక్కడ రూట్ పాస్‌వర్డ్ అడుగుతూ కూర్చుంటుంది. ఇవతల మనం నల్ల తెర వైపు చూస్తూ కూర్చుంటాం. ఏ మాట ముందు, ఏది వెనుక అన్నదాని మీద ఒక రాత్రి నిద్ర ఆధారపడి ఉంటుంది.

వదిన: ఇదే చూడు. ఎఫ్‌స్టాబ్‌లో ఒక డిస్క్ రాసి ఉంది, నోఫెయిల్ పెట్టలేదు. ఎవరో ఆ డిస్క్ ఊడదీశారు. రీబూట్ అయితే మెషీన్ ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోద్ది. నెట్‌వర్క్ ఇంకా రాలేదు. లోపలికి పోవాలంటే సీరియల్ కన్సోల్ ఒక్కటే దారి. గ్రబ్ మెనూ కూడా సీరియల్లో కనపడేలా ముందే పెట్టుకుని ఉంటే, ఇ అక్షరం నొక్కుతా, లినక్స్ అని మొదలయ్యే లైన్ చివరికి పోయి సిస్టమ్‌డీ.యూనిట్=ఎమర్జెన్సీ.టార్గెట్ అని కొడతా, కంట్రోల్-ఎక్స్. అయిదు నిమిషాల్లో మెషీన్ నా చేతిలో ఉంటది. ఈ మార్పు ఆ ఒక్క బూట్‌కే, ఎక్కడా రాసి ఉండదు. పొరపాటు కొట్టినా మళ్లీ రీబూట్ చేస్తే పాతదే. నీ దగ్గర గ్రబ్బే లేదుగా, ఏం నొక్కుతావు?

మరిది: నేను ఏం నొక్కను. హోస్ట్ మీద ఫైల్లో ఆ మాట చేర్చి మళ్లీ లేపుతా. నీ అయిదు నిమిషాలు కూడా పట్టదు.

వదిన: హోస్ట్ నీదైతే. హైదరాబాదులో అమెజాన్ రీజియన్ 2022 నవంబర్లో తెరిచారు. అక్కడ నీకొక వీఎం ఉంది. దాని హోస్ట్ నీదా?

మరిది: నాది కాదు.

వదిన: ఆ హోస్ట్ మీద ఫైల్ తెరిచి అపెండ్ రాస్తావా?

మరిది: రాయనియ్యరు.

వదిన: నీ వాదమంతా సొంత ఇల్లున్నవాడి వాదం అబ్బాయ్. ప్రపంచంలో చాలామంది అద్దెకున్నారు. అద్దె ఇంట్లో ఇంటాయన తాళంచెవి లెక్క వేరు. ఆ అమెజాన్ మెషీన్‌లో రూట్ డిస్క్ ఉండేది నెట్‌వర్క్ అవతల, కనపడేది ఎన్‌వీఎంఈ డిస్క్‌లాగా. లినక్స్ ఎన్‌వీఎంఈ డ్రైవర్ మామూలుగా 30 సెకన్లు జవాబు కోసం చూసి, రాకపోతే డిస్క్ పాడైందనుకుంటది. అవతల స్టోరేజ్ కాసేపు నెమ్మదిస్తే ఆ 30 సెకన్లు చాలవు. ఫైల్ సిస్టమ్ రీడ్-ఓన్లీ అయి కూర్చుంటది. అందుకే ఆ గడువు బాగా పెంచుకోమని అమెజానే చెప్తుంది. పెంచేది ఎక్కడ? అది రూట్ డిస్క్ గనక, మౌంట్ కాకముందే కెర్నెల్‌కి తెలియాలి. బూట్ పారామీటర్‌గానే ఇవ్వాలి, అదీ గెస్ట్ లోపలి గ్రబ్‌లోనే. నీ బయటి దారి అక్కడ గోడ.

మరిది: సరే, అద్దె మెషీన్లు నీకొదిలేస్తున్నా. కానీ లోపల పెట్టుకున్నంత మాత్రాన ఆ లైన్ నీదొక్కదానిదే అయిపోయిందా? 2014 ఏప్రిల్లో జరిగింది గుర్తుందా?

ఈ కథ తెలియనివాళ్ల కోసం. కెర్నెల్ కమాండ్ లైన్‌లో డీబగ్ అనే మాట చిరకాలంగా కెర్నెల్ వాళ్లది. చాలా లినక్స్‌లలో ఇనిట్ పని చేసే సిస్టమ్‌డీ కూడా అదే లైన్ చదివి, డీబగ్ కనబడగానే తనూ కెర్నెల్ లాగ్‌లోకి సందేశాలు కుమ్మరించడం మొదలుపెట్టింది. లాగ్ నిండిపోయి మెషీన్ లేవడమే కష్టమైంది. ఒక కెర్నెల్ డెవలపర్ ఆ మాటని ప్రాక్ కింద సీఎండీలైన్ ఫైల్లో కనపడకుండా దాచేద్దామన్నాడు. అది సగం చిరాకుతో అన్నదే. లైనస్ టోర్వాల్డ్స్ మాత్రం నిజంగానే చిరాకుపడి, సిస్టమ్‌డీ రాసేవాళ్లలో ఒకడైన కే సీవర్స్ కోడ్ ఇక తీసుకోనని బహిరంగంగా ప్రకటించాడు. ఒక్క మాట మీద ఇంత రభస. ఎందుకంటే ఆ లైన్‌కి గట్లు లేవు. కెర్నెల్ తనకు తెలిసిన మాటలు తీసుకుని, తెలియనివాటిని ఇనిట్ చేతికిస్తుంది. ఎవరైనా వచ్చి ఆ లైన్ చదువుకోవచ్చు.

మరిది: అందుకే అంటున్నా. గెస్ట్‌లో ఆ లైన్ మీద చేతులు ఎన్ని! డిస్ట్రో వాళ్లు ఒకటి పెడతారు, క్లౌడ్ ఇమేజ్ తయారుచేసినవాళ్లు ఇంకోటి, కుబర్నెటిస్ కోసం ఒకడు సీగ్రూప్ మాట, డేటాబేస్ కోసం ఒకడు హ్యూజ్‌పేజీల మాట. అయిదేళ్లయ్యాక ఏ మాట ఎవడు, ఎందుకు పెట్టాడో చెప్పేవాడు ఉండడు. తీస్తే ఏమవుద్దో అని ఎవడూ తీయడు. నా దగ్గర హోస్ట్ మీద ఒక్క ఫైల్, గిట్‌లో చరిత్ర. ప్రతి మాటకీ తేదీ, పేరు ఉంటాయి.

వదిన: ఆ ఒక్క ఫైల్లో అచ్చుతప్పు పడితే? కన్సోల్ స్పెల్లింగ్‌లో ఒక ఎల్ ఎక్కువ కొట్టావనుకో. కెర్నెల్ కోప్పడదు. తెలియని మాట అనుకుని ఇనిట్‌కి అందించి తన దారిన పోద్ది. ఈమధ్య కెర్నెళ్లు తెలియని మాటలన్నీ బూట్ లాగ్‌లో ఒక లైను రాస్తున్నాయి గానీ ఆ లాగ్ చదివేదెవరు? నా అచ్చుతప్పు ఒక మెషీన్‌ని కూలుస్తుంది. నీ అచ్చుతప్పు వందకి వందా కూలుస్తుంది.

మరిది: నీ యాన్సిబుల్ ఏమన్నా తక్కువ తిన్నదా? అదీ వందకి వందా కూలుస్తది.

ఇది నిజమే. మా ఆవిడ దీనికి జవాబు చెప్పకుండా మంచినీళ్లు తాగింది. నేను రాసుకున్నాను.

డిస్క్ పేర్ల గురించి కూడా ఒక చిన్న తకరారు నడిచింది. వర్చువల్‌బాక్స్‌లో ఎస్‌డీఏ అని ఉన్న డిస్క్, వర్టియో పెట్టిన కేవీఎంకి మార్చగానే వీడీఏ అవుతుంది. రూట్‌ని ఆ పేరుతో రాసుకున్నవాడు లేవడు, యూయూఐడీతో రాసుకున్నవాడు లేస్తాడు. ఇందులో ఇద్దరిదీ ఒకే మాట. కాబట్టి ఎక్కువసేపు సాగలేదు.

మరిది: సెక్యూరిటీ దగ్గరికొద్దాం. ఇనిట్=/బిన్/బాష్ అని ఒక్క మాట గ్రబ్‌లో కొడితే పాస్‌వర్డ్ అడక్కుండా రూట్ షెల్ వస్తది. కన్సోల్ దొరికినవాడికి నీ గ్రబ్ తలుపు తెరిచి పెట్టిందన్నమాట. గ్రబ్‌కి పాస్‌వర్డ్ పెట్టానంటావు. 2015 డిసెంబర్లో వలెన్సియా పాలిటెక్నిక్ వాళ్లు ఏం చూపించారు? గ్రబ్ యూజర్ పేరు అడిగిన చోట బ్యాక్‌స్పేస్ 28 సార్లు నొక్కితే రెస్క్యూ షెల్‌లో పడతావని. తాళానికి ఇంత బలముంటే తాళం ఎందుకు?

వదిన: దాన్ని అప్పుడే సరిచేశారు. నీ పద్ధతిలో ఆ మాట కొట్టేవాడెవడు? హోస్ట్ మీద చెయ్యి ఉన్న ఎవడైనా. నాకు తెలియకుండా, నా మెషీన్‌ని ఒక రాత్రి రీబూట్ చేసి, ఇనిట్=/బిన్/బాష్ ఇచ్చి, నా డేటా చూసుకుని, మళ్లీ మామూలుగా లేపి పోవచ్చు. మిటిగేషన్స్=ఆఫ్ సంగతి చూడు. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ బయటపడ్డాక వేసిన కట్టడులన్నీ ఆ ఒక్క మాటతో తీసేయవచ్చు, 5.2 కెర్నెల్ నుంచి ఉంది. నా గెస్ట్‌లో ఒక ప్రోగ్రామ్ ఇంకో ప్రోగ్రామ్ మెమరీ తొంగి చూడకుండా ఉండాలో వద్దో చెప్పాల్సింది నేను. వేగం కోసమని హోస్ట్ వాడు తీసేస్తే ఎట్టా? గూగుల్ 2025 అక్టోబర్లో విశాఖలో అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెడతానని ప్రకటించింది. రేపు బ్యాంకుల మెషీన్లు, ఆస్పత్రుల మెషీన్లు మన రాష్ట్రంలోనే ఎవరో ఒకరి హోస్ట్ మీద ఉంటాయి. భవనం మన రాష్ట్రంలో ఉందని కమాండ్ లైన్ మన చేతిలో ఉన్నట్టు కాదు.

మరిది: దానికి మందు వచ్చింది వదినా. ఏఎండీ ఎస్ఈవీ ఉంది. గెస్ట్ మెమరీని హోస్ట్ చదవలేకుండా ప్రాసెసరే ఎన్‌క్రిప్ట్ చేస్తది. అందులో కూడా నేను కెర్నెల్ బయట నుంచే ఇస్తా. క్యూఎములో కెర్నెల్-హ్యాషెస్ ఆన్ చేస్తే, కెర్నెల్, ఇనిట్‌ఆర్‌డీ, కమాండ్ లైన్ మూడింటి హ్యాష్‌లూ గెస్ట్ మొదటి మెమరీలోకి ఎక్కుతాయి. ఆ మెమరీ మొత్తానికీ ప్రాసెసర్ కొలత తీసి సంతకం పెడుద్ది. దూరాన ఉన్న యజమాని ఆ కొలత చూసుకుని, తాను అనుకున్న మాటలే ఉన్నాయంటేనే డిస్క్ తాళంచెవి పంపిస్తాడు. హోస్ట్ వాడు ఒక్క అక్షరం మార్చినా కొలత మారిపోద్ది. చెవి రాదు.

వదిన: ఇప్పుడు దారికొచ్చావు. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ మీద ఏం రాసుందో చూసి కొంటారా? బొక్కపెట్టి కాయ తీసి చూస్తారు. నువ్వు బయట నుంచే రాసుకో, నాకు అభ్యంతరం లేదు. కాయ చూసేది మాత్రం నేను.

మరిది: అంటే బయట నుంచి చెప్పొచ్చని ఒప్పుకున్నట్టేగా?

వదిన: నా సంతకం ఉన్న మాటలు నువ్వు మోసుకొస్తే అవి నావేగాని నీవెట్టా అవుతాయి? పైగా ఇంకో దారి వచ్చింది. కెర్నెల్, ఇనిట్‌ఆర్‌డీ, కమాండ్ లైన్ మూడింటినీ ఒకే ఫైల్‌గా కట్టి ఒకే సంతకం పెడుతున్నారు. యూకేఐ అంటారు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే, లోపల కమాండ్ లైన్ ఉన్న ఆ ఫైల్ బయటి మాట పట్టించుకోదు. నువ్వు అపెండ్ అని గొంతు చించుకున్నా వినదు.

మరిది: వినకపోతే పడిపోయిన రోజు రెస్క్యూ మాట నువ్వెట్టా చెప్తావు? నీ ఇ అక్షరం కూడా పోయిందిగా!

మా ఆవిడ దానికి, రెస్క్యూ కోసం ఇంకో సంతకం చేసిన ఫైల్ పక్కన పెట్టుకుంటానంది. రెండు ఫైళ్లూ ప్రతి అప్‌డేట్‌కీ కట్టాలిగా అన్నాడు వాడు. కట్టుకుంటానంది. ఇంతలో కాంటా వచ్చింది, ఇద్దరూ లేచారు.

తీర్పు చెప్పమని నన్నెవరూ అడగలేదు, అయినా చెప్తాను. డేటా ఉండి, ఏళ్ల తరబడి బతకాల్సిన మెషీన్‌కి మా ఆవిడ చెప్పిందే సరి. కెర్నెల్, మాడ్యూల్స్, పారామీటర్లు మూడూ ఒకేచోట, ఒకే అప్‌డేట్‌తో కదలాలి. వాటిని విడదీసి రెండిళ్లలో పెట్టినవాడు ఏదో ఒక రాత్రి ఐపీ అడ్రస్ లేని మెషీన్ల ముందు కూర్చోక తప్పదు. పుట్టి నిమిషాల్లో పోయే మెషీన్లకి, ఇన్‌స్టాలేషన్లకి, కాలేజీ ల్యాబుల్లో కొత్త కెర్నెల్ కట్టి పరీక్షించేదానికి తమ్ముడి దారే దారి. అక్కడ గ్రబ్ దండగ. అద్దె క్లౌడ్‌లో వీఎం పెట్టుకున్నవాళ్లకి ఈ ఎంపిక దాదాపు లేనట్టే, లోపలిది తప్ప.

అట్లాంటివాళ్లు ఈ పత్రిక చదివేవాళ్లలో చాలామందే ఉంటారు. మీ మెషీన్‌లోకి వెళ్లి ప్రాక్ కింద సీఎండీలైన్ ఫైల్ ఒకసారి తెరిచి చూడండి. మీరు గ్రబ్‌లో రాశాననుకున్నది కాదు, కెర్నెల్ నిజంగా విన్నది అక్కడ ఉంటుంది. అందులో కన్సోల్=టీటీవైఎస్0 లేకపోతే చేర్చుకోండి. గ్రబ్ మెనూ సీరియల్లో కనబడి రెండు మూడు సెకన్లు ఆగేటట్టు పెట్టుకోండి. అమెజాన్ సీరియల్ కన్సోల్ 2021 మార్చి నుంచి ఉంది గానీ అది నైట్రో రకం మెషీన్లకే వస్తుంది, అకౌంట్‌లో ముందుగా అనుమతి ఇచ్చి ఉండాలి, లోపల పాస్‌వర్డ్ ఉన్న యూజర్ ఒకరు ఉండాలి. మెషీన్ పడిపోయాక ఆ పాస్‌వర్డ్ పెట్టడం కుదరదు. ఈ రోజే పెట్టుకోండి.